గడిలో ఇమడని గీత: బొమ్మల కథలు గీసే చేతుల గురించి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ఒకసారి నడిచి చూడండి. మెయిన్ రోడ్డు వదిలి బస్తీల్లోకి తిరిగితే, సంఘం ఆఫీసుల గోడల మీద, విగ్రహం వెనకాల కట్టిన బ్యానర్ల మీద అంబేడ్కర్ బొమ్మ కనపడుతుంది. నీలం కోటు, కళ్లద్దాలు, చేతిలో పుస్తకం. ఆ బొమ్మ అర్థం గురించి, ఆ విగ్రహాల మీద జరిగిన దాడుల గురించి మనం చాలానే రాసినం. ఆ బొమ్మ ఎవరు గీసిన్రు అని మాత్రం అడగలేదు. పాట కట్టినవాడి పేరు మనకు తెలుసు. డప్పు కొట్టినవాడిని వేదిక మీదికి పిలుస్తం. బొమ్మ వేసినవాడు కూలి తీసుకొని, నిచ్చెన భుజాన వేసుకొని వెళ్లిపోతాడు.

ఇది చిన్న విషయం కాదు. దళిత సాహిత్యం గురించి మాట్లాడినప్పుడు ఎవరు రాసిన్రు, ఏ అనుభవం నుంచి రాసిన్రు అనే ప్రశ్న మనమే లేవనెత్తినం. ఆ ప్రశ్న బొమ్మకు కూడా వర్తిస్తుంది. బొమ్మల కథకైతే, అంటే కామిక్‌కైతే, ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఎందుకంటే అక్కడ ఒకరు చెప్పిన కథను ఇంకొకరి చెయ్యి గీస్తుంది.

బొమ్మల కథను పిల్లల కాలక్షేపమని పక్కన పెట్టడం చదువుకున్న కులాలకు అలవాటు. అక్షరం గుప్పిట్లో ఉన్నవాళ్లకు బొమ్మ చిన్నగానే కనపడుతుంది. ఉద్యమాలకు అట్లా కుదరదు. 1955–56లో అమెరికాలోని మాంట్‌గొమరీ పట్టణంలో నల్లజాతి ప్రజలు బస్సులను బహిష్కరించి గెలిచారు. ఆ వెంటనే, 1957లో, ఫెలోషిప్ ఆఫ్ రికన్సిలియేషన్ అనే సంస్థ ఆ పోరాటాన్ని పదహారు పేజీల కామిక్‌గా అచ్చు వేసింది. పేరు ‘మార్టిన్ లూథర్ కింగ్ అండ్ ద మాంట్‌గొమరీ స్టోరీ’. ధర పది సెంట్లు. బస్సులో ఎట్లా కూర్చోవాలి, కొడితే ఏం చెయ్యాలి అన్నది అందులో బొమ్మలతో చెప్పారు. ఆ పుస్తకం చూసి ఉత్తేజం పొందిన యువకుల్లో జాన్ లూయిస్ ఒకరు. తర్వాత ఆయన అమెరికా చట్టసభ సభ్యుడై, తన జీవితాన్ని ‘మార్చ్’ అనే మూడు సంపుటాల బొమ్మల పుస్తకంగానే చెప్పుకున్నాడు. మూడో సంపుటానికి 2016లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. దానికి బొమ్మలు వేసిన నేట్ పావెల్ పేరు అట్ట మీద ఉన్నది. 1957 నాటి పుస్తకంలో మాత్రం బొమ్మలు వేసిన మనిషి పేరు లేదు.

ఈ పని ఎట్లా సాగుతుందో తెలియకపోతే పేరు గొడవ ఎందుకో అర్థం కాదు. కామిక్‌లో పేజీని గడులుగా విడగొడతారు. ఒక్కో గడిలో ఒక్కో క్షణం. గడికీ గడికీ మధ్య ఖాళీలో ఏం జరిగిందో చదివేవాడు ఊహించుకోవాలి. మామూలుగా రచయిత స్క్రిప్టు ఇస్తాడు. చిత్రకారుడు పెన్సిల్‌తో రఫ్ వేస్తాడు, సంపాదకుడు దిద్దుతాడు. తర్వాత ఇంకు, తర్వాత మాటల బుడగల్లో అక్షరాలు, చివరకు రంగులు. పెద్ద సంస్థల్లో ఇవన్నీ వేరువేరు మనుషుల పనులు. రాజు మీసం ఎట్లా ఉండాలి, రాక్షసుడి ఒంటి రంగు ఏంది, గుంపులో ఎవరు ముందు నిలబడాలి, ఎవరు మూలకు పోవాలి అనేది స్క్రిప్టులో ప్రతిసారీ ఉండదు. అది చేతికి అలవాటుగా వస్తుంది. కులం ఎక్కువగా దూరేది ఆ అలవాటులోనే.

తెలుగులో ఆ అలవాటును తీర్చిదిద్దిన పత్రిక చందమామ. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలుపెట్టారు. అది కచ్చితంగా కామిక్ కాదు, కథ పక్కన బొమ్మ. అయినా మూడు తరాల తెలుగువాళ్ల కళ్లకు ఊరు ఎట్లా ఉంటుందో నేర్పింది అదే. చిత్ర అనే పేరుతో టి.వి. రాఘవన్, శంకర్ అనే పేరుతో కె.సి. శివశంకరన్ నెలనెలా ఆ పేజీలు నింపారు. భుజాన శవంతో నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌ది. 1950ల మొదట్లో చేరిన ఆయన దాదాపు అరవై ఏళ్లు అక్కడే గీశారు, 2020లో చనిపోయారు. ఆ చేతుల నైపుణ్యాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. నెల జీతం మీద, గడువు తప్పకుండా, అంత నికరంగా గీయడం గొప్ప శ్రమ. కానీ ఆ బొమ్మల్లోని ఊళ్లో కోట ఉంటది, గుడి ఉంటది, బావి ఉంటది, షావుకారి అరుగు ఉంటది. వాడ ఏ దిక్కున ఉన్నదో తెల్వదు. బావి దగ్గర ఎవరు నీళ్లు తోడొచ్చు, ఎవరు తోడకూడదు అన్నది ఆ బొమ్మకు తెలియదు.

మా ఇంట్లో పుస్తకాలు లేవు. చందమామ నాకు దొరికింది కిరాణా కొట్టు పొట్లం కాగితంగానే. పల్లీలు తిన్న తర్వాత కాగితం సాపు చేసి చూస్తే సగం కథ, ఒక పూర్తి బొమ్మ. కథ సగమే కాబట్టి బొమ్మనే ఎక్కువసేపు చదివేవాణ్ణి. అందులో మా అమ్మలాంటి మనిషి ఎక్కడన్నా ఉన్నదా అని వెతుక్కున్నట్టు గుర్తు. మొదటి తరంగా చదువుకున్న చాలామంది మిత్రులు ఇట్లాంటిదే ఏదో ఒకటి చెప్తారు.

గడులున్న అసలైన కామిక్‌ను ఇంటింటికీ చేర్చింది అమర్ చిత్ర కథ. అనంత్ పాయ్ సంపాదకత్వంలో 1967లో మొదలైంది, తెలుగుతో సహా అనేక భాషల్లో వచ్చింది. దేవుళ్లు, రాజులు, పతివ్రతలు, మహాపురుషులు. ఒక్కొక్కరికి ముప్పై రెండు పేజీలు. 1979లో ఆ వరుసలోనే ‘బాబాసాహెబ్ అంబేడ్కర్’ వచ్చింది. బొమ్మలు దిలీప్ కదమ్ వేశారు. అంబేడ్కర్ గురించి పిల్లలకు ఇచ్చే పుస్తకమే అరుదైన కాలంలో అది వచ్చింది. దాన్ని కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్లను నేను తప్పు పట్టను. కానీ దేవుళ్లకూ రాజులకూ తయారైన అచ్చులోనే బాబాసాహెబ్‌ను కూడా పోశారు. ఒక మహానుభావుడు పుట్టాడు, కష్టపడ్డాడు, పైకొచ్చాడు. కష్టం పెట్టినవాళ్లు ఎవరు, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు అనే ప్రశ్న పక్క గడిలోకి పోయేసరికి మాయమైతది. ఇంతకుముందు చెప్పిన ఆ ఖాళీ ఇక్కడ సౌకర్యంగా పని చేస్తుంది.

ఈ అచ్చును పగలగొట్టిన పుస్తకం 2011లో వచ్చిన ‘భీమాయన’. ప్రచురణ నవయాన. కథ రాసినవాళ్లు శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్. బొమ్మలు దుర్గాబాయి వ్యాం, ఆమె భర్త సుభాష్ వ్యాం. ఈ ఇద్దరి పని జీవితం తెలుసుకుంటే బొమ్మల్లోని చాలా సంగతులు వాటంతట అవే అర్థమవుతాయి.

వీళ్లు మధ్యప్రదేశ్‌లోని పర్ధాన్ గోండులు. పర్ధాన్లు గోండులకు గాయకులు, వంశ కథలు చెప్పేవాళ్లు. మన ఆదిలాబాద్‌లోనూ పర్ధాన్లు ఉన్నారు, కిక్రీ వాయిస్తూ రాజ్‌గోండుల కథలు పాడతారు. అక్కడి వాయిద్యం పేరు బానా. పాటకు ఆదరువు తగ్గిన తర్వాత పర్ధాన్లు కూలి పనులకు పోయారు. 1980ల మొదట్లో భోపాల్‌లో భారత్ భవన్ కడుతున్నప్పుడు, చిత్రకారుడు జె. స్వామినాథన్ ఊళ్లకు పంపిన బృందానికి పాటన్‌గఢ్ అనే ఊరిలో ఒక ఇంటి గోడ మీద బొమ్మలు కనిపించాయి. వేసినవాడు జన్‌గఢ్ సింగ్ శ్యాం. ఆయన భోపాల్ వచ్చాడు. పాటలో ఉన్న దేవుళ్లను, జంతువులను కాగితం మీదికి తెచ్చాడు. తన వెనక బంధువులను ఒక్కొక్కరినే పిలిపించుకొని పని నేర్పాడు. ఆ బంధువుల్లో భజ్జూ శ్యాం అంతకుముందు భోపాల్‌లో రాత్రి వాచ్‌మన్. ఆయన 2004లో ‘ద లండన్ జంగిల్ బుక్’ గీశాడు. జన్‌గఢ్ 2001లో జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో బొమ్మలు వేసే పనిలో ఉండగా అక్కడే ఆత్మహత్య చేసుకున్నాడు. ఇల్లు విడిచి అంత దూరం వలసపోయి చేసిన పని అది. ప్రపంచమంతా మెచ్చుకున్న కళాకారుడి చావుకు, మన పాలమూరు వలస కూలీ చావుకు మధ్య దూరం అనుకున్నంత లేదు.

సుభాష్ వ్యాం జన్‌గఢ్ భార్య తమ్ముడు. దుర్గాబాయి 1973లో పుట్టింది, బడికి పోలేదు. ఆమెకు మొదటి బడి ఇంటి గోడ. పండగలకు, పెళ్లిళ్లకు గోడల మీద, నేల మీద ఆడవాళ్లు వేసే డిగ్నా అనే ముగ్గు చిన్నప్పుడే నేర్చుకుంది. మన పాఠకులకు ఆమె పని అంతకుముందే ఒకసారి ఎదురైంది. ఉస్మానియాలో పాఠాలు చెప్పిన కంచ ఐలయ్య పిల్లల కోసం రాసిన ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద లాండ్’ పుస్తకానికి 2007లో బొమ్మలు వేసింది దుర్గాబాయే. తోలు పని, కుండ పని, చాకలి పని, మంగలి పని, ఇవన్నీ విజ్ఞానమే అని చెప్పే పుస్తకం అది. ఆమెకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

భీమాయనకు ఆధారం అంబేడ్కర్ రాసుకున్న ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. అందులో నాలుగు ఘట్టాలు మనకు బాగా తెలిసినవే. 1901లో తండ్రిని చూడబోయిన పిల్లలకు దారి పొడుగునా నీళ్లు పుట్టలేదు. 1917లో బరోడాలో ఉద్యోగానికి పోయినవాడికి ఉండటానికి ఇల్లు దొరకలేదు. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగా తోలేవాళ్లు అంటరానివాణ్ణి ఎక్కించుకోమన్నారు. దాంతో తోలడం రాని మనవాడే తోలాడు, బాబాసాహెబ్ కింద పడి దెబ్బలు తిన్నాడు. నాలుగోది మనదే. 1934లో దౌలతాబాద్ కోట. అప్పుడది నిజాం రాజ్యంలో ఉన్నది. ప్రయాణం చేసి దుమ్ము కొట్టుకుపోయిన బృందం కోట వాకిట్లో ఉన్న చెరువులో మొహాలు, కాళ్లు కడుక్కుంది. ఒక ముసలి ముస్లిం పరుగెత్తుకొచ్చి, ఢేడ్‌లు చెరువును మైల చేశారని తిట్లు మొదలుపెట్టాడు. చివరకు ఎక్కడా నీళ్లు ముట్టకూడదనే షరతు మీద, ఆయుధం పట్టిన సిపాయిని వెంట పెట్టి లోపలికి పంపారు. హైదరాబాద్ రాజ్యపు మతసామరస్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ చెరువును దాటి పోకూడదు.

ఈ కథలను గీయడానికి కూర్చున్నప్పుడు సుభాష్, దుర్గాబాయిలకు వేరే దేశాల బొమ్మల నవలలు చూపించారు. యూదుల మారణకాండను ఎలుకలు, పిల్లుల కథగా గీసిన ఆర్ట్ స్పీగల్‌మన్, ఇరాన్ బాల్యాన్ని గీసిన మర్జాన్ సత్రపీలాంటివాళ్ల పుస్తకాలు. అవి చూసి ఇద్దరూ ముందే తేల్చి చెప్పిన మాట ఒకటుంది. మా మనుషులను డబ్బాల్లో పెట్టం, వాళ్లకు ఊపిరాడదు, మా కళ ఖుల్లా ఉంటుంది అన్నారు. ఖుల్లా అంటే మన తెలంగాణలో ఎవరికీ అర్థం చెప్పనక్కర లేదు. గడికి బదులు డిగ్నా గీత పేజీ మీద వంకరలు తిరుగుతూ పోతుంది. ఒక ఘట్టం నుంచి ఇంకో ఘట్టానికి దారి చూపిస్తుంది తప్ప గోడ కట్టదు. ఊరికీ వాడకూ మధ్య గీత గీసిన వ్యవస్థ గురించి చెప్పే కథలో, గీతలు ఎట్లా ఉండాలో ఆలోచించిన చేతులు అవి.

మాటల బుడగల సంగతి కూడా చూడండి. మామూలు కామిక్‌లో రాజు మాట్లాడినా, బంటు మాట్లాడినా బుడగ ఒకే ఆకారం. ఇక్కడ మెత్తగా మాట్లాడేవాళ్ల మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. కులం విషం కక్కే మాటలకు తేలు తోక ఉంటుంది. చదువు రాని పిల్ల కూడా ఆ పేజీ చూసి ఎవరి మాట కుడుతుందో చెప్పగలదు. రైలు పామైతది, కోట క్రూరమృగమైతది. దాహం వేసిన భీమ్ ఒంట్లో చేప కనపడుతుంది. మహాడ్‌లో 1927లో బాబాసాహెబ్ మాట్లాడుతుంటే మైకుల్లోంచి మాటలు నీళ్లలా జనం మీద చిలకరించబడతాయి. ఇవి అలంకారాలు కావు. నీళ్లు అనే వస్తువుకు కులం ఏం చేసిందో, ఆ వస్తువుతోనే చెప్పడం. అడవి, చేప, పాము, చేతిపంపు తమ రోజువారీ బతుకులో ఉన్నవాళ్లకే తోచే పద్ధతి ఇది. వాళ్ల స్ఫూర్తి ఎక్కడిది అని అడిగితే ఆర్ట్ కాలేజీ పేరు చెప్పలేం. పాట, ముగ్గు, కూలి. ఇంతే.

విమర్శ లేకుండా మెచ్చుకోవడం కూడా సరి కాదు. గీసినవాళ్లు ఆదివాసులు, కథను అల్లినవాళ్లు, అచ్చు వేసినవాళ్లు దళితులు కారు. అంబేడ్కర్ పుస్తకాలకు మధ్యవర్తులు ఎవరుండాలనే వాదన 2014లో ఇదే ప్రచురణ సంస్థ అరుంధతీ రాయ్ ముందుమాటతో ‘కుల నిర్మూలన’ వేసినప్పుడు పెద్దగానే జరిగింది. ఆ వాదనను నేను కొట్టేయను. అయితే ఒక్కటి గమనించాలి. భీమాయన అట్ట మీద బొమ్మలు వేసినవాళ్ల పేర్లు ముందు ఉన్నాయి, కథ రాసినవాళ్ల పేర్లు తర్వాత. పనివాడి పేరు ముందు పెట్టిన పుస్తకాలు మన దగ్గర ఎన్ని ఉన్నాయో వెతికితే ఎక్కువ దొరకవు.

మరి తెలుగులో? మన దగ్గర ఇట్లాంటి సంప్రదాయమే లేదని అనుకోవడం తప్పు. చేర్యాల నకాషీ పటం బొమ్మల కథ కాక ఏంది? మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవు ఉన్న గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద అడ్డ వరుసల్లో కథంతా గీస్తారు. కథకుడు పటం విప్పుకుంటూ, పుల్లతో చూపిస్తూ, రాత్రులకు రాత్రులు పాడతాడు. ఈ పటాలు ఎవరికోసం? రాజుల కోసం కాదు. గౌండ్ల కులానికి ఒక పటం, చాకలికి ఒకటి, సాలెకు ఒకటి. మాదిగలకు డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణం ఒకటి. లోకం పుట్టక ముందే జాంబవంతుడు పుట్టాడని, మాదిగే ఆది అని చెప్పే పురాణం. అమర్ చిత్ర కథలో అంబేడ్కర్‌కు చోటు దొరకడానికి ఎన్నో ఏళ్ల ముందు నుంచే, మాదిగ వాడ తన చరిత్రను బొమ్మల వరుసగా గోడకు వేలాడేసి చూసుకున్నది. అక్కడ కూడా గీసేది ఒక కులం, చెప్పేది ఇంకో కులం. కానీ పటం రాయించుకునేది చెప్పేవాడు, చూసేది వాడ.

ఇవాళ చేర్యాల బొమ్మ టీ ట్రేల మీద, కీ చైన్ల మీద దొరుకుతుంది. డక్కలి కథకుడు? పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన ఇదే తూర్పు హైదరాబాద్‌లో, తుర్కయంజాల్‌లో కట్టడం పని దగ్గర కూలి చేస్తూ కనపడ్డాడు. అందరం ఫోన్లలో చూసినం.

ఇక మళ్లీ మన రోడ్డు మీదికి వద్దాం. సూర్యాపేట, నల్లగొండ నుంచి బస్సెక్కిన మనిషి హైదరాబాద్‌లో మొదట అడుగు పెట్టేది ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలోనే. ‘ఆంధ్రజ్యోతి’ కార్టూనిస్టు శేఖర్ ఆ సూర్యాపేటవాడే, 1965లో పుట్టాడు. కులం మీద వేసిన కార్టూన్లను ‘క్యాస్ట్ క్యాన్సర్’ అనే పుస్తకంగా తెచ్చేనాటికి ఆయన ఒంట్లో నిజంగానే క్యాన్సర్ ఉన్నది. 2014 మే నెలలో చనిపోయాడు. రోజుకొక గడి గీసే కార్టూనిస్టు పని వేరు, వంద పేజీల కథ గీసే పని వేరు. అయినా కులాన్ని గీతతో గుచ్చడం తెలుగులో సాధ్యమే అని చూపించినవాళ్లలో ఆయన్ను ముందు చెప్పుకోవాలి.

ఇదే రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ ఒకప్పుడు చేత్తో రాసినవే. ఫ్లెక్స్ రాక ముందు ప్రతి సెంటర్‌లో రెండు మూడు ‘ఆర్ట్స్’ దుకాణాలు ఉండేవి. పెయింటర్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు, మన వాడల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. గోడ మీద పెద్ద బొమ్మ వేయాలంటే వాళ్లు ముందు ఫొటో మీద పెన్సిల్‌తో గళ్లు కొడతారు. గోడ మీద సుద్ద దారం లాగి కొట్టి అన్నే పెద్ద గళ్లు వేస్తారు. ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కిస్తూ పోతారు. కన్ను ఒక గడిలో, కళ్లద్దం చివర ఇంకో గడిలో. బొమ్మ పూర్తయిన తర్వాత గళ్లు చెరిపేస్తారు. కామిక్‌లో గడి మిగులుతుంది, గోడ మీద గడి పోయి మనిషి మిగులుతాడు. ఫ్లెక్స్ వచ్చాక ఈ పని కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడికి పోయింది. పెద్ద పెయింటర్లు కొందరు ఇళ్లకు రంగులు వేసే పనికి మళ్లారు. జయంతికి, వర్ధంతికి ఇంకా కొన్ని గోడలు మిగిలినై.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక పనికొచ్చే మాట. దిల్‌సుఖ్‌నగర్ గోడల మీద ఇంజనీరింగ్, గ్రూప్స్ పరీక్షల ప్రకటనలు లెక్కలేనన్ని. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టే ఫాడీ అనే ప్రవేశ పరీక్ష గురించి హాస్టల్ పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. నోటు పుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు గీసే పిల్ల ప్రతి సంక్షేమ హాస్టల్‌లో ఒకతి ఉంటుంది. ఆమెకు ఆ పరీక్ష పేరు తెలియాలి. పర్ధాన్ చిత్రకారులకు కాలేజీ లేకపోయినా, జన్‌గఢ్ ఇల్లు ఉండింది. ఒకరి పక్కన ఒకరు కూర్చొని నేర్చుకునే చోటు. మనకు రెండూ లేవు.

దౌలతాబాద్ చెరువు కథనో, జాంబపురాణాన్నో తెలుగులోనే, మనవాళ్ల చేతులతోనే పుస్తకంగా గీయాలనుకుంటే ఒక సాంకేతిక చిక్కు కూడా ఉన్నది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ఇంగ్లీషు మాటలకు సరిపోయే బుడగలో తెలుగు మాటలు ఇరుక్కుపోతాయి. అనువాద కామిక్స్‌లో అక్షరాలు చీమల్లా కనపడటానికి కారణం అదే. కంప్యూటర్ ఫాంటు దీన్ని తీర్చలేదు. ఫాంటుకు అన్ని అక్షరాలూ ఒకటే కొలత. ఇరుకు గోడ మీద, షట్టరు మడతల మీద, కరెంటు స్తంభం గుండ్రం మీద ఒత్తును ఎక్కడ సాగదీయాలో, దీర్ఘాన్ని ఎక్కడ ముడవాలో తెలిసినవాళ్లు ఆ పాత బోర్డు పెయింటర్లే. కొత్తపేట, సరూర్‌నగర్ గల్లీల్లో వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు. పుస్తకంలో అక్షరాలు రాసే పని వాళ్లను అడగాలి. అడిగేటప్పుడే పేజీకి ఎంత ఇస్తామో, పేరు ఎక్కడ వేస్తామో కూడా చెప్పాలి.